ఈక్వడార్ ఉందంటారా?

బంగార్రాజుగారికి అనుమానం. దేని మీద అని అడక్కూడదు. అడిగితే, అడిగినవాళ్ళ మీద. లోకంలో ఏదీ ఊరికే జరగదనీ, ప్రతి దాని వెనకా ఎవరో ఒకరు కూర్చుని నడిపిస్తూ ఉంటారనీ ఆయన గట్టి నమ్మకం. భీమవరం అవతల ఆయన రొయ్యల చెరువులున్న ఊళ్ళో ఎవరైనా ఎదురొచ్చి "బావున్నారా అండీ" అని పలకరిస్తే, "బాగోలేనని నీకెవరు చెప్పారు?" అంటారు.

ఒక ఉగాదికి రొయ్యల మేత కంపెనీ వాళ్ళు రైతులందరికీ గోడ గడియారాలు పంచారు. ఊరికే గడియారం ఎందుకిస్తాడని బంగార్రాజుగారు దాన్ని విప్పి చూశారు. లోపల గడియారమే ఉంది. మళ్ళీ బిగించాక అది నడవలేదు. "చూశావా మాణిక్యం, మనం కనిపెట్టేశామని తెలియగానే పని ఆపేసింది. దాని అసలు పని టైము చూపించడం కాదు" అన్నారు భార్యతో. మాణిక్యాంబగారు అలాంటివి పట్టించుకోరు. ఆవిడ పెళ్ళిచూపులప్పుడే ఆయన, "పిల్ల మరీ ఇంత నచ్చేసిందేంటి, ఇందులో ఏదో ఉంది" అని ఇంకో రెండుసార్లు చూడ్డానికి వెళ్ళారట.

అన్నింటికన్నా పెద్ద అనుమానం ఈక్వడార్ మీద. రొయ్య ధర పడినప్పుడల్లా కొనుగోలు ఏజెంటు చెప్పే మాట ఒక్కటే: "ఏం చేయమంటారండీ, ఈక్వడార్ సరుకు దిగింది." ఎండాకాలం ఈక్వడార్. వానాకాలం ఈక్వడార్. ఏళ్ళ తరబడి ఇది విని విని బంగార్రాజుగారు ఒక నిర్ణయానికొచ్చారు. ఈక్వడార్ అనే దేశం లేదు. ధర తగ్గించడానికి కొనేవాళ్ళంతా కూడబలుక్కుని కల్పించిన పేరది. ఊళ్ళో స్కూలు మాస్టారు ప్రపంచ పటం తెచ్చి, దక్షిణ అమెరికాలో ఫలానా చోట ఉందండీ అని వేలు పెట్టి చూపించారు. "పటం అచ్చేసిందెవరు?" అన్నారు బంగార్రాజుగారు.

అందుకే, తణుకులో ట్రావెల్ ఆఫీసు నడిపే దేవిశ్రీ రొయ్యల రైతుల్ని ఈక్వడార్ తీసుకెళ్తానని చెప్పగానే అందరికంటే ముందు తన పేరూ మాణిక్యాంబగారి పేరూ ఇచ్చింది ఆయనే. చూడ్డానికి కాదు, పట్టుకోడానికి.

దేవిశ్రీకి ఇది మొదటి విదేశీ టూరు. అప్పటిదాకా కాశీ, రామేశ్వరం బస్సులే. ఈ రైతులు తృప్తిగా తిరిగొచ్చారంటే డెల్టాలో చెరువున్న ప్రతివాడూ ఆమె ఆఫీసు మెట్లెక్కుతాడు. సణుక్కుంటూ వచ్చారంటే మళ్ళీ కాశీ బస్సే. ఆమెది తణుకు కాబట్టి చెరకు సంగతి తెలుసు, వరి సంగతి తెలుసు. రొయ్యతో పరిచయం మాత్రం కంచంలోనే. ఆ లోటు కనపడకుండా ఏర్పాట్లన్నీ పకడ్బందీగా చేసింది. గ్వాయాకిల్ అనే పెద్ద నగరంలో మకాం. అక్కణ్ణించి పొద్దున్న బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చే ప్రయాణాలు మూడు. ఒకరోజు నది మధ్యలో ఉన్న లంక, ఒకరోజు కోకో తోట, మూడో రోజు రొయ్యల చెరువు. మొదటి రెండూ కాలక్షేపానికి. అందరూ సముద్రాలు దాటి వచ్చింది ఆ మూడో రోజు కోసం.

విమానాశ్రయంలో గైడు ఎదురొచ్చి చెయ్యి చాచాడు. పేరు వాషింగ్టన్ అన్నాడు.

బంగార్రాజుగారు చెయ్యి అందుకోలేదు. "ఊరి పేరు మనిషికెందుకుంటుంది?"

"మనకి లేరా బావగారూ, కాశీ, తిరుపతీ?" అన్నాడు పల్లంరాజు. ఆయనకి వరసకి బావమరిది, చెరువుకి పక్క చెరువు.

"కాశీకి మొక్కుకుంటే కాశీ అని పెడతారు. వీళ్ళమ్మ అమెరికాకి మొక్కుకుందా?"

దేవిశ్రీ కల్పించుకుని, ఇక్కడ ఇలాంటి పేర్లు మామూలేనంది. బంగార్రాజుగారు ఆమెని కూడా ఒకసారి ఎగాదిగా చూశారు. వ్యానులో కూర్చున్నాక గైడుని ఇంగ్లీషులో అడిగారు: "దిస్ ఈక్వడార్?"

"సీ, సీ" అన్నాడు వాషింగ్టన్, నవ్వుతూ.

"ఏంటమ్మా ఇతను, ఏదడిగినా ఛీ ఛీ అంటాడు?"

"సీ అంటే వాళ్ళ భాషలో అవును అనండీ."

"అవుననేవాడు ఒక్కసారి అంటాడు. రెండుసార్లు ఎందుకన్నాడు?"

మొదటి రోజు లంకకి పడవలో బయల్దేరారు. గోధుమరంగు నది, దాని మీద గుత్తులు గుత్తులుగా గుర్రపుడెక్క. అచ్చం మన గోదావరిలా ఉందని అందరూ ముచ్చటపడ్డారు. బంగార్రాజుగారి ముఖం మాత్రం మాడిపోయింది. పొద్దున దిగువకి కొట్టుకుపోయిన గుర్రపుడెక్క పడవెక్కేసరికి ఎగువకి వస్తోంది.

"పోటండీ. సముద్రం దగ్గర కదా. మన నరసాపురంలో రాదేంటి?" అన్నాడు పల్లంరాజు.

"మనది పోటని మనకి తెలుసు. వీళ్ళది పోటో, ఎవరైనా తోడుతున్నారో."

లంకలో మొసళ్ళ మడుగు చూపించారు. ఒక మొసలి నోరు తెరుచుకుని కదలకుండా పడుంది. బొమ్మని తేల్చేశారు బంగార్రాజుగారు. కదిలేదాకా అక్కణ్ణించి రానన్నారు. అందరూ ఎండలో నిలబడ్డారు. చాలాసేపటికి మొసలి కన్ను మూసి తెరిచింది. "కళ్ళు ఆడించే బొమ్మలు కూడా వస్తున్నాయి" అంటూ బయల్దేరారు. అప్పటికి పడవ వెళ్ళిపోయింది. దేవిశ్రీ ఇంకో పడవ కోసం రేవంతా పరిగెత్తింది.

మధ్యాహ్నం భోజనానికి నిమ్మరసంలో నానేసిన రొయ్యలు గిన్నెల్లో తెచ్చారు. పక్కన పాప్‌కార్న్. బంగార్రాజుగారు చెయ్యెత్తి అందర్నీ ఆపారు. "కారం లేదు, మసాలా లేదు. ఎవరూ ముట్టుకోకండి. ముందు నేను తింటాను, నాకేం కాకపోతే మీరు తినండి." ఒక గిన్నె పూర్తి చేశారు. ఒక్క గిన్నెతో తేలదని పల్లంరాజు గిన్నె కూడా లాక్కున్నారు. ఆ తర్వాత కాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. కునుకో పరీక్షో తెలియక జనం ఆకలితో ఆయన ముఖం వంకే చూస్తూ ఉండిపోయారు.

రెండో రోజు కోకో తోట. తోట యజమాని పండు పగలగొట్టి, తెల్లటి తియ్యటి గుజ్జు తలా కాస్త చేతిలో పెట్టాడు.

"ఎంతట?" అన్నారు బంగార్రాజుగారు.

"ఊరికేనండీ" అంది దేవిశ్రీ.

"అదే నేననేది. మన కొబ్బరితోటల్లో కోకో లేదా అమ్మా? మన దగ్గరున్నదే చూపిస్తున్నారంటే, లేనిదేదో దాస్తున్నారు."

దేవిశ్రీ పళ్ళు బిగపట్టి నవ్వింది. ఇంకొక్క రోజు. రేపు చెరువు గట్టు మీద నిలబెట్టేస్తే ఈయన అనుమానాలు ఈయనవి, తన టూరు తనది.

సాయంత్రం హోటలుకి తిరిగొచ్చేసరికి చెరువు మేనేజరు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. లాబీలో వాషింగ్టన్ పక్కన కూర్చుని, స్పీకరులో పెట్టి, మేనేజరు మాటలు అతను ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే ఆమె జవాబులిచ్చింది. వచ్చేవాళ్ళు ఈమధ్య ఎక్కడైనా రొయ్యల చెరువు దగ్గరికి వెళ్ళారా అని మేనేజరు అడిగాడు. తన వాళ్ళు ఆషామాషీ మనుషులు కారని చెప్పే అవకాశం వచ్చిందనుకుంది దేవిశ్రీ. "ఈమధ్య ఏంటండీ, గట్టు మీంచి తిన్నగా విమానమెక్కారు. అవే బూట్లు" అంది గర్వంగా. వాషింగ్టన్ దాన్ని స్పానిష్‌లో చెప్పాడు. అవతల "నో" మొదలైంది. ఇంకో చెరువు నీటి చుక్క అంటిన కాలు మా గేటు దాటడానికి వీల్లేదు, జబ్బులొస్తాయి అన్నాడు. ఆమె బతిమాలింది. నో. కొత్త బూట్లు కొనిస్తానంది. నో, నో.

ఫోను పెట్టేసి తలెత్తితే కుండీలో మొక్క వెనక సోఫాలో బంగార్రాజుగారు.

"ఎవరమ్మా ఫోన్లో?"

"మా అమ్మండీ" అంది కంగారులో.

"మీ అమ్మగారు స్పానిష్ మాట్లాడతారా?"

ఆయన తలాడించి లిఫ్టు వైపు వెళ్ళిపోయారు. అయిపోయింది అనుకుంది దేవిశ్రీ. ఏమీ లేని చోటే ఏదో వెతికే మనిషి చేతికి తను నిజంగా చేసిన తప్పు దొరికింది.

పొద్దున్నే, ఆయన చెప్పకముందే తనే చెప్పేయాలని గుండె చిక్కబట్టుకుని టిఫిన్ల హాల్లోకి వెళ్ళింది. అక్కడ అప్పటికే పెద్ద గొడవగా ఉంది. ఆమెని చూడగానే పల్లంరాజు లేచాడు.

"చూడమ్మాయ్. నువ్వేమీ అనుకోకు. ఆ చెరువుకి మేం రాం."

దేవిశ్రీ కుర్చీ పట్టుకుంది. "ఏమైందండీ?"

"మా బావగారిని అడుగు."

బంగార్రాజుగారు బ్రెడ్డుముక్కని వెలుతురుకి పట్టి చూస్తున్నారు. "నేనన్నదేముంది. పక్క చెరువువాడు మన గట్టెక్కితే ఊరుకుంటామా? మందునీళ్ళలో కాళ్ళు కడగందే పల్లంరాజు సొంత మావగారినే రానివ్వలేదు. ఆయన ఇప్పటికీ ఇతని గుమ్మం తొక్కడు. మరి వీళ్ళేంటి, పోటీవాళ్ళమైన మనల్ని చెరువులోకి రారమ్మని పిలుస్తున్నారు? మన బూట్లకి ఏ వైట్ స్పాట్ తెగులో అంటించి పంపారనుకోండి. ఇంటికెళ్ళి గట్టెక్కామంటే మన చెరువులన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. ఇంకప్పుడు ఈక్వడార్ సరుకే గతి."

మిగతావి ఎలా ఉన్నా, ఈ మాటని రొయ్యల రైతెవడూ కొట్టిపారెయ్యలేడు. అందరికీ ఒళ్ళు మండింది, అందరికీ భయమూ వేసింది. ఇంత దూరం వచ్చాక కళ్ళకి గంతలు కట్టారని పల్లంరాజు బావగారిని నానా మాటలూ అన్నాడు. ఊరెళ్ళాక నలుగురిలో పెట్టి కడిగేస్తానన్నాడు. ఇంకొకాయన అసలు ఈయనకి వీసా ఇచ్చిందెవరన్నాడు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆయన్ని ఇంతగా తిట్టి ఉండరు. ఆయన బ్రెడ్డు అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చున్నారు.

దేవిశ్రీ అందర్నీ సముద్రం ఒడ్డుకి బయల్దేరదీసింది. దారిలో ఒకచోట, రోడ్డుకి దూరంగా, రొయ్యల చెరువులు కనిపించాయి. ఒక్కొక్కటీ మన ఊరంత. తిట్టినవాళ్ళు కోపంతో అటు చూడలేదు. బంగార్రాజుగారు మాత్రం ముందు కిటికీలోంచి చూసి, తర్వాత పక్క కిటికీలోంచి చూసి, చివరికి సీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూర్చుని, చెరువులు కనపడకుండా పోయేదాకా చూశారు.

"పాపం" అన్నారు మాణిక్యాంబగారు, పక్కనున్న దేవిశ్రీతో. "ఆ గట్టెక్కడానికి భీమవరంలో కొత్త బూట్లు కొన్నారమ్మా. మన జబ్బు వీళ్ళకీ, వీళ్ళ జబ్బు మనకీ అంటకూడదని కవర్లో కట్టి తెచ్చారు. వచ్చేటప్పుడు ఇక్కడే పారేద్దామన్నారు. ఇంకా విప్పనే లేదు."

దేవిశ్రీ ఆ మాట మీద చాలా దూరం ఆలోచించింది.

ఇసకలో అందరూ ఫోటోలు దిగుతుంటే బంగార్రాజుగారు ఒక్కరే నిలబడి సముద్రాన్ని అనుమానంగా చూస్తున్నారు. ఆమె వెళ్ళి పక్కన నిలబడింది.

"మీకు తెలుసు కదండీ, చెరువువాళ్ళు రావద్దన్నారని."

"నాకెలా తెలుస్తుంది? స్పానిష్‌లో నాకొచ్చినవి రెండే మాటలు. ఒకటి సీ, ఒకటి నో. నిన్న మీ అమ్మగారు ఒక్కసారి కూడా సీ అనలేదు."

"మరి నా తప్పుకి మీరెందుకండీ తిట్లు తినడం?"

ఆయన సముద్రం మీంచి చూపు తిప్పలేదు. "వీళ్ళకి నీ మీద అనుమానమొస్తే ఇంక నీ బస్సెక్కరమ్మా. నేను అనుమానిస్తే ఎవరికీ అనుమానం రాదు. తిట్టుకుంటారు, సాయంత్రానికి మర్చిపోతారు."

"మీరు కూడా ఆ చెరువు చూడలేదు కదండీ."

"చూస్తే ఈక్వడార్ ఉందని ఒప్పుకోవాల్సొచ్చేది" అన్నారాయన.

తిరుగు ప్రయాణంలో దేవిశ్రీ ఉండబట్టలేకపోయింది. వ్యాను మధ్యలో నిలబడి అంతా చెప్పేసింది. ఫోను, బూట్లు, తన గొప్పలు, మేనేజరు వద్దనడం. బంగార్రాజుగారిది ఏ తప్పూ లేదని చెప్పింది. పల్లంరాజు తల అడ్డంగా ఊపాడు.

"కూర్చో తల్లీ. ఆయన్ని మేం అన్ని మాటలన్నామని నీకు జాలేసింది. దాంతో తప్పు నీ మీద వేసుకుంటున్నావు. మాకు ఆ మాత్రం తెలియదా?"

"నిజమండీ."

"ఎంత మంచి పిల్లో చూడండి" అన్నాడు మిగతావాళ్ళతో. "వచ్చే ఏడాది వియత్నాం చెరువులకి ఈ అమ్మాయితోనే వెళ్దాం. ఏమంటారు?" అందరూ సరేనన్నారు.

అప్పుడు బంగార్రాజుగారు లేచి గొంతు సవరించుకున్నారు. "నాకెందుకో, ఈ అమ్మాయి నిజమే చెబుతోందేమోనని అనుమానంగా ఉంది."

వ్యానంతా ఒక్కసారి ఆయన మీద పడింది. ఆ పిల్లనైనా వదలండి బావగారూ అన్నాడు పల్లంరాజు. మీరు కూర్చోండి అన్నారు మాణిక్యాంబగారు. ఆయన కూర్చున్నారు. ఎవరి మొహమూ చూడకుండా కిటికీ వైపు తిరిగారు. భుజాలు కొద్దిగా కదులుతున్నాయి. ఆయన నవ్వుకుంటున్నారని దేవిశ్రీకి అనుమానం వచ్చింది.