శోభక్క తెల్ల దారం

నిన్న పొద్దున మా జిమ్ క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. మా కోచ్ శోభక్క పోయింది. హార్ట్ ఎటాక్.

ముందు క్లాస్ క్యాన్సిల్ అయిందేమో అనుకుని ఫోన్ పక్కన పెట్టాను. మళ్లీ చదివితే గానీ బుర్రకెక్కలేదు. మొన్ననే మాతో స్క్వాట్లు చేయించింది కదా!

అక్కది కోరుట్ల. సిరిసిల్లకి కోడలిగా వచ్చి, ఏళ్ల తరబడి మరమగ్గాలకి నూలు కండెలు చుట్టింది. ఆ తర్వాత ట్రైనింగ్ తీసుకుని, మా మహిళా సంఘం హాల్లో ఆడవాళ్లకి క్లాస్ పెట్టింది.

మాకో జబ్బుండేది.

వదిన మూడు కిలోల డంబెల్ పడితే మరదలు నాలుగు పట్టాలి. అత్త క్లాస్‌లో ఉంటే మాత్రం కోడలికి ఎంత బలమున్నా ఒక్క కిలోనే. మర్యాద మరి!

అక్క దీనికో ఉపాయం చేసింది. మనిషికో రంగు నూలు ముక్క. నీ రంగు ఏ డంబెల్‌కి కట్టి ఉంటే నువ్వు అదే ఎత్తాలి. ముడి విప్పి పై బరువుకి కట్టేది అక్క ఒక్కతే.

అదీ ఊరికే కాదు. రెండు వారాలు నడుం వంగకుండా పన్నెండేసి సార్లు చేయాలి. మధ్యలో వచ్చి, "ఇయ్యాల ఏం కూరనే?" అని అడిగేది. ఆయాసపడకుండా చెప్పగలిగితేనే పై బరువు. చెప్పలేకపోతే దారం కింది బరువుకి దించేసేది.

పక్కకి తొంగి చూస్తే ఊరుకునేది కాదు. "పక్కదాని దారం నీకెందుకే? నీది నువ్వు సూడు."

నాది ఆకుపచ్చ. నాలుగు కిలోలు.

అప్పుడే మా అత్తమ్మకి తుంటి ఆపరేషన్ అయింది. మంచం మీంచి కుర్చీలోకి నేనే ఎత్తాలి. తొందరగా బలం రావాలని, అక్క చూడకుండా నా దారం విప్పి ఎనిమిదికి కట్టుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడో స్క్వాట్‌కే నడుం పట్టేసింది. వారం రోజులు మంచం దిగలేదు.

ఆ వారం అత్తమ్మని ఎత్తి కూర్చోబెట్టింది శోభక్కే. పొద్దునా సాయంత్రం వచ్చేది. ఒక్క మాట తిట్టలేదు.

"గంత తొందరేంది పద్మా? నడుం ఇంకోటి దొర్కుతదా?" అంది, అంతే.

నేను తిరిగి క్లాస్‌కి వెళ్లాక అక్క నా దారం రెండుకి కట్టింది. సిగ్గుతో చచ్చాను. ఎనిమిదికి చేరేసరికి ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు అత్తమ్మని ఎత్తుతుంటే నడుం కిక్కురుమనదు.

నిన్న సాయంత్రం అక్కని సాగనంపాం. ఇవాళ పొద్దున ఎవరూ చెప్పకుండానే అందరం హాల్‌కి చేరాం. స్టాండ్ మీద రంగురంగుల దారాలు. నా ఆకుపచ్చ ఎనిమిదికి ఉంది.

అక్కది తెల్ల దారం. ఎప్పుడూ పది కిలోలకి ఉండేది.

రెండుకి ఉంది.

నెల రోజులుగా అక్కడే ఉంది. నేనూ చూశాను. కొత్తగా చేరినవాళ్లకి చూపించడానికేమో అనుకున్నాను. పోయిన వారం అక్క డంబెల్ ఎత్తుతుంటే మా వదిన సరదాగా, "నువ్వేం వండినవక్కా?" అంటే, అక్క చెయ్యి ఊపి గోడకి ఆనుకుంది. మేం నవ్వుకున్నాం.

ఆయాసమొస్తే ఆగాలని మాకు నేర్పిందే ఆమె. తన బరువు దించుకుంది గానీ డాక్టర్ దగ్గరికి పోలేదు. ఎందుకు దించావని మాలో ఒక్కరం అడగలేదు. నాకు అక్క మీద కోపంగా ఉంది. నా మీద ఇంకా ఎక్కువ.

రేపు క్లాస్ మేమే పెట్టుకుంటాం. ఎవరి బరువు వాళ్లే ఎత్తుతాం. పక్కవాళ్ల దారం మాత్రం చూస్తాం. ఈ ఒక్క విషయంలో నీ మాట వినం.

ఇగ అన్నీ దించెయ్యి అక్కా. నిమ్మలంగ పండుకో.