సొరంగం గోడ మీద పేరు

వరల్డ్‌కప్ వస్తదని దోహా అంతా తవ్వి పోసిన రోజులవి. ముషైరిబ్ దగ్గర భూమి కింద మెట్రో రైలు సొరంగంల నేను సిమెంటు పని చేస్తుంటి. క్యాంపుల నా పై బెడ్డు మా పక్క ఊరాయనది. ఒకనాడు పొద్దున డ్యూటీకి లేపితే లేవలే. నిద్రలనే పాణం పోయింది.

శవాన్ని ఇంటికి పంపే దినం ఆఖరుసారి చూసొస్తమని సెలవడిగినం. మా ఫోర్‌మన్ కోస్తా ఆయన, ఆడ సెలవు శుక్రవారమే గనక ప్రతి శుక్రవారం చర్చికి పోయేటోడు.

"ఇంజినీరు ఒప్పుకోలేదు. యల్లా, కానివ్వండి, పనిలోకి దిగండి" అన్నడు.

ఒప్పుకోలేదో, ఈయన అసలు అడగనే లేదో. అప్పటికెల్లి ఆయన మొఖం చూస్తె నా కడుపు మండేది.

ఆ మధ్యాహ్నం మేం అన్నం తినేకాడికి ఇంజినీరు వచ్చి కూసున్నడు. ఆయనది రోము. మమ్ముల సముదాయిద్దమనుకున్నడేమో, ఫోన్‌ల ఒక ఫొటో చూపించుకుంట ఏందో చెప్పిండు. ఫోర్‌మన్ దాన్ని తెలుగు చేసిండు.

"వాళ్ళ ఊరి కింద కూడా ఇలాంటి సొరంగాలే ఉన్నాయంట. తొలినాటి క్రైస్తవుల సమాధులు. ఈ గదిలో అప్పటి పోపుల్ని పెట్టారంట. రాజు మనుషులు చంపినవాళ్ళు కూడా ఉన్నారు."

ఫొటోల రెండు దిక్కుల గోడలకు అరలు తొలిచి ఉన్నయి, ఒకదాని మీద ఒకటి. పగిలిన రాతిపలకల మీద అక్షరాలు.

"అవేంది?" అన్న.

"పేర్లు. ఎవర్ని పెట్టారో వాళ్ళవి."

"తవ్వినోళ్ళ సంగతేంది?"

ఇంజినీరు ఉషారుగ ఇంకో ఫొటో తీసిండు. గుద్దలి పట్టుకున్న మనిషి బొమ్మ. తవ్వేటోళ్ళకు మస్తు మర్యాదంట, వాళ్ళను గూడ అండ్లనే పెట్టిన్రంట.

"గట్లయితె మావోని పేరు ఈ గోడ మీద రాస్త. ఆయనకు చెప్పు."

"అవన్నీ ఇప్పుడెందుకయ్యా" అన్నడు ఫోర్‌మన్.

నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతోటి నేనే చెప్పిన. ఇంజినీరు నవ్వు ఆగిపోయింది. "మాఫీ, నో. ఇది కంపెనీ గోడ" అని, ఫోన్ జేబుల పెట్టుకొని లేచిపోయిండు.

నేను చాక్‌పీసు తీసుకొని పేరు, ఊరు తెలుగుల పెద్దగ రాసిన. మావోళ్ళు చుట్టూ నిలబడ్డరు.

"అది తుడిచెయ్" అన్నడు ఫోర్‌మన్.

"నువ్వే తుడువు. శుక్రవారం చర్చిల కూసున్నప్పుడు యాది చేసుకో."

ఆయన మొఖం నల్లబడ్డది. నీళ్ళ పైపు గుంజుకొచ్చి గోడ కడిగిండు. పేరు పోయినంక గూడ చానాసేపు నీళ్ళు కొడుతనే ఉన్నడు.

వారం తిరగకముందే నన్ను దూరం ఎడారిల దుఖాన్ దిక్కు సైటుకు మార్చిన్రు. పొయ్యేనాడు ఫోర్‌మన్ బస్సుకాడికి వచ్చి చెయ్యి చాపిండు.

"నాదీ ఉద్యోగమే కదా" అన్నడు.

నేను చెయ్యియ్యలే. బస్సెక్కి కిటికీలకెల్లి చూస్తె ఎండల అట్లనే నిలబడి ఉన్నడు. నాకు జాలి కలగలే.