ద్వారబంధం ఆఖరున

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను పిడుగురాళ్ల సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. రోడ్డు వెడల్పు పని. పై ఆఫీసు నుంచి వచ్చే ఇంగ్లీషు ఆర్డర్లలో ‘పుల్ డౌన్’ అని ఉండేది. తాడు కట్టి లాగమని కాదు, కట్టడాన్ని పూర్తిగా తీసెయ్యమని దాని అర్థం. ఇళ్లకూ ప్రహరీలకూ వాడతారు. క్వారీలో మందు పెట్టి పేల్చడం వేరు, అది ‘బ్లో అప్’. అంతా బాగానే ఉంది గానీ, ఏది ముందు తీయాలో ఆ మాట చెప్పదు. అది చెప్పడానికే మాకు జీతం.

మార్కింగు గీతలోకి కోటమ్మ గారి ఇల్లు మొత్తం వచ్చింది. రాతి గోడలు, మట్టి అతుకులు, దూలాల మీద నాపరాళ్లు. సామాను అప్పటికే చుట్టాలింటికి చేర్చారు. ఇంటి లక్ష్మి ద్వారబంధంలో ఉంటుందని, కూల్చే మిషను తాకకముందే దాన్ని ఊడదీసి దాచుకోవడం వాళ్ల ఆనవాయితీ. నేను వెళ్లేసరికి ఆమె కొడుకు వీరయ్య గుమ్మంలో నిలబడి గడ్డపారతో దాన్ని పెకలిస్తున్నాడు. పాత ఇళ్లలో పై గోడ బరువంతా మోసేది ఆ చెక్కే. రాళ్ల సందుల్లోంచి మట్టి రాలుతోంది.

ఆపమన్నాను. “గడప మీద మిషను పళ్లు పడితే చానా అరిష్టమంట సార్,” అన్నాడు గానీ చెయ్యి ఆపలేదు. కాంట్రాక్టరు సూపర్‌వైజరు పొక్లెయిన్ పక్కన నిలబడి, పది నిమిషాల పనికి ఇదంతా ఏందని విసుక్కున్నాడు.

నేను పక్కనే నిలబడి చూస్తున్న కోటమ్మ గారినే అడిగాను. “అమ్మా, ఇల్లు కట్టేటప్పుడు పూజ చేసి ముందు నిలబెట్టిందేది?”

“ద్వారబంధమే.”

“ముందు నిలిపింది ఆఖరున తీయాలి. మిషను దాని జోలికి రాదు, పూచీ నాది.”

ఆమె కొడుకు వైపు తిరిగి, “ఒరేయ్, ఇవతలికి రారా,” అంది. తల్లి మాటకు వీరయ్య బయటికొచ్చాడు. సపోర్టు గుంజలు తెప్పించేలోపే అతను నిలబడ్డ చోట రెండు రాళ్లు పడ్డాయి. సూపర్‌వైజరు పొక్లెయిన్‌ను వెనక్కి తీయించాడు.

గుంజలు బిగించి, ముందు నాపరాళ్లు, తర్వాత దూలాలు, ఆపైన గోడలు వరసవరసగా కూలీల చేతే దించాం. సాయంత్రానికి ద్వారబంధం ఒక్కటే మిగిలింది. కోటమ్మ గారు గడపకు పసుపు రాసి, లోపలివైపు నుంచి దాన్ని దాటి రోడ్డు మీదికి వచ్చి, “ఇక తీయండయ్యా,” అంది.

కూల్చడమంటే కట్టే పనిని తిరగేసి చేయడమని అందరికీ పాఠంగా తెలుసు. అక్కడ నేర్చుకున్నది వేరు. రిటైరయ్యేదాకా ఏ ఇంటికి వెళ్లినా, ఆఖరున ఏది తీయాలో ముందు ఇంటివాళ్లనే అడిగేవాణ్ణి. అది తెలిశాకే మిషను స్టార్టు చేయించేవాణ్ణి.