నూటికి ఎనభై మూడు

మొన్న జనగామలో మా చిన్నమ్మాయి ఉద్యోగ పరీక్షకు చదువుకుంటూ, ప్రపంచంలో మొత్తం ఎన్ని భాషలున్నాయి బాపూ అని అడిగింది. లెక్కకు సంబంధించిన ప్రశ్న ఏది వచ్చినా నా దగ్గరికి తేవడం మా ఇంట్లో అలవాటు. ఏడు వేల పైచిలుకు అన్నాను. తను ఫోనులో చూసి నిజమేనంది. అందులో భాషలన్నింటికీ ఒక జాబితా ఉంది, ఏది ఏ కుటుంబానిది, ఏది దేనికి దగ్గర అని వరుసలు కట్టి పెట్టారు. మా తండాల భాషకు కూడా అందులో ఒక వరుస ఉంది. అది చూసి సంతోషించి, భూపాలపల్లి అడవి అంచున ఒకప్పుడు నేను విన్న భాష ఉందేమో చూడమన్నాను. దాని పేరేమిటంది. పేరు నాకు తెలియదు, వాళ్లు దాన్ని మా ఇంటి మాట అనేవారు, అంతే. పేరు లేకుండా ఎట్లా వెతకాలి బాపూ అని నవ్వి, తను మళ్లీ పుస్తకంలో తల దూర్చింది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మా వయసు కాలంలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా. ఇప్పుడు మూడు జిల్లాలు. గీతలు ఎవరో గీస్తారు, మనం ఒక పొద్దున లేచి చూస్తే ఇంకో వైపున ఉంటాం. భాషల సంగతీ అంతేనని నాకు పాతికేళ్ల వయసులోనే తెలిసింది, ఎందుకంటే అలాంటి గీత ఒకటి నా చేతి మీదుగానే పడింది.

మాది కురవి దగ్గర ఒక తండా. నేను ఏడో తరగతితో బడి మానేశాను. శాతాలు, సగటులు నాకెవరూ నేర్పలేదు. జనగామ పత్తి మార్కెట్‌లో తూకం చీటీలు రాసే పనిలో ఉన్నప్పుడు, పనికిరాని చీటీల వెనకవైపు నాకు నేనే చేసి చూసుకుని పట్టుకున్నాను. అప్పుడే పట్నం నుంచి భాషల మీద పరిశోధన చేసే సారు ఒకరు వచ్చారు. ఆయనకు తండా భాష తెలిసినవాడు, కూడికల్లో తప్పు చేయనివాడు ఒకడు కావలసి వచ్చింది. రెండూ కలిసినవాడు చుట్టుపక్కల నేనొక్కణ్ణే కాబట్టి, యజమానిని అడిగి ఒక నెల రోజులు ఆయన వెంట తిరిగాను.

సారు పద్ధతి నాకు మొదటి రోజునే నచ్చింది. నీళ్లు, నిప్పు, కన్ను, తల్లి, చెట్టు, రావడం, పోవడం, ఇలా ఎక్కడి మనుషులైనా వాడక తప్పని మాటలు నూరు, కాగితం మీద వరుసగా ఉండేవి. ఒక ఊరి మాట పక్కన ఇంకో ఊరి మాట రాయాలి, కలిస్తే టిక్కు, కలవకపోతే సున్న. నూటికి ఎనభైగాని అంతకు మించిగాని కలిస్తే రెండూ ఒకే భాష, యాసలు మాత్రమే వేరు. తగ్గితే వేర్వేరు భాషలు. అప్పటిదాకా నేను తూచినవన్నీ పత్తి బోరాలే. మనుషుల నోటిమాటకు కూడా తక్కెడ ఉంటుందని తెలిసి, నాలుగైదు రోజులు ఒక మత్తులో తిరిగినట్టు తిరిగాను.

తెలుగు మాటలు నర్మెట్టలో రాసుకున్నాం. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన, సినిమాల్లో మా మాటను తెలుగే కాదన్నట్టు వెక్కిరిస్తారు కదా, మరి దీన్నే అసలు తెలుగని రాసుకుంటున్నారా, జర పెద్దక్షరాలతో రాయండి అని అందరినీ నవ్వించాడు. తర్వాత మా తండాకు పోయాం. నీళ్లను ఏమంటారని మా మేనత్తను అడిగితే, నా పాణి తాగి పెరిగి నన్నే అడుగుతున్నావా అని చెంప మీద ఒకటి వేసింది. తండా మాటలకూ తెలుగుకూ నూటికి ముప్పై ఒకటే కలిశాయి. సారు మా భాష పేరు పైన వేరే వరుసలో రాసినప్పుడు నాకు కలిగిన గర్వం ఇంకా గుర్తుంది. బడిలో ఇంటి మాట నోట్లోంచి జారితే దెబ్బలు తిన్నవాణ్ణి, ఎవరైనా తెలుగువాళ్లు తండాలోకి రాగానే మా అమ్మ కూడా ఇంటి మాటను చెప్పులు విడిచినట్టు బయట విడిచి తెలుగులోకి దిగడం చూసినవాణ్ణి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

చివరగా భూపాలపల్లి అవతల అడవి అంచున ఏడిళ్ల గూడేనికి పోయాం. అక్కడి పిల్లలూ పెద్దలూ అందరూ తెలుగే మాట్లాడుతున్నారు. పాత మాట ఇద్దరు అక్కాచెల్లెళ్లకే వచ్చునని, ఇద్దరూ ముసలివాళ్లేనని చెప్పారు. సారుకు ఉన్నది ఆ ఒక్క పూటే. అక్క మాకు పీట వేసి, మంచినీళ్లిచ్చి, అడిగిన ప్రతి మాటకూ నిదానంగా జవాబు చెప్పింది. చెల్లె గోడకు ఆనుకుని మమ్మల్ని చూస్తూ కూర్చుంది. నూరు మాటలూ అయ్యాక నేను అక్కడే సిరాతో కూడిక వేశాను. ఎనభై మూడు. అయితే ఇది తెలుగులో ఒక యాస అన్నమాట అన్నారు సారు, కొట్టివేత ఒక్కటీ లేని నా కాగితాన్ని మెచ్చుకుని, సంచీ భుజాన వేసుకుని ఆటో వైపు నడిచారు.

నేను కాగితాలు సర్దుకుంటుంటే చెల్లె చుట్ట తీసి అక్కను ఏదో అడిగింది. అక్క పొయ్యిలోంచి కొరివి తీసి ఇస్తూ ఒక మాట అంది. ఆ మాట 'నిప్పు' కాదు. నా కాగితంలో పదిహేడో వరుసలో నిప్పు ఉంది, దాని పక్కన టిక్కు ఉంది.

"నిప్పును మీరు నిప్పే అంటరని చెప్పినవు గద అవ్వా?" అన్నాను.

"మీకు చెప్పెతందుకు గట్లనే అంటం బిడ్డా. ఇంటికొచ్చినోళ్లతోని తెల్వని మాట మాట్లాడుడు మర్యాదనా?" అంది ఆమె.

"మరి మీ మాట?"

"గది నాకూ చెల్లెకూ."

చెల్లె అప్పుడు మొదటిసారి నాతో నోరు విప్పి, నా కాగితం వైపు చుట్ట చూపించి, "గండ్ల రాసుకున్న నిప్పుతోని గిది అంటుకుంటదా పిలగా?" అంది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నేనూ నవ్వాను. పత్తి ఏరుడు అయిపోయాక మళ్లీ వస్తాను, అప్పుడు మీ మాటే చెప్పాలన్నాను.

"రా బిడ్డా. రెండోసారి వచ్చినోడు చుట్టమే. చుట్టానికి చెప్తం," అంది అక్క.

ఆటో దాకా నడిచిన ఆ ఫర్లాంగు దూరంలో నేను చేసిన లెక్క ఇది. ఒక టిక్కు తప్పు. ఎనభై మూడులోంచి ఒకటి పోతే ఎనభై రెండు. ఎనభై రెండైనా ఎనభై గీత కిందికి దిగదు, ఫలితం మారదు, సిరాతో రాసిన కాగితం పాడుచేయడం దేనికి? సారుకు చెప్పలేదు. లెక్క సరిగ్గానే చేశాను. ఒక్క మాట మర్యాదకు చెప్పిన ఆమె మిగతా ఎనభై రెండు మాత్రం మర్యాదకు చెప్పలేదని ఎట్లా అనుకున్నానో, అదీ మా అమ్మ కడుపున పుట్టి, నాకిప్పటికీ అర్థం కాదు. మా తండాలో నేను ఇంటివాణ్ణి కాబట్టి ఇంటి మాట దొరికింది. ఆ గూడెంలో నేనే తెలుగువాణ్ణి.

పత్తి ఏరుడు అయింది. ఆ ఏడాది నా పెళ్లి. మరుసటి ఏడు ఇంకేదో. రెండు పంటలు ఎత్తాక పోతే అక్క లేదు. చెల్లెను బొగ్గు గనిలో పనిచేసే అల్లుడు భూపాలపల్లికి తీసుకుపోయాడన్నారు. క్వార్టర్లు వెతుక్కుంటూ పోయాను. వరండాలో మంచం మీద కూర్చున్న ఆమె, కాయితం పిలగాడు వచ్చిండని బిడ్డను పిలిచి చెప్పింది. మొదటి మాట నుంచి మొదలుపెట్టి అడిగాను. నీళ్లు అంటే నీళ్లే అంది, నిప్పు అంటే నిప్పే అంది. ఇప్పుడు నేను చుట్టాన్నే గద అవ్వా, మీ మాట చెప్పవా అని బతిమాలాను. ఆమె కళ్లు మూసుకుని తల అడ్డంగా ఊపింది.

"అక్క అడిగితె వచ్చేది బిడ్డా," అంది. "నువ్వడిగితె వస్తలేదు. దాసుకుంటలేను."

నలభై మాటల దాకా అడిగాను. నలభైకి నలభై కలిశాయి. ఈసారి అది మర్యాద కాదు. పెన్సిలు జేబులో పెట్టుకుని లేచాను.

జరిగింది జరిగినట్టు సారుకు ఉత్తరం రాశాను. ఈ లెక్కలున్న తన పుస్తకం అప్పటికే అచ్చుకు పోయిందని, అయినా తను వేరుగా ఒక గమనిక రాస్తానని, ఆ నిప్పు మాట ఏమిటో వెంటనే పంపమని జవాబు వచ్చింది. పోస్టుకార్డు ముందు పెట్టుకుని కూర్చుంటే ఆ మాట నాకు రాలేదు. విన్న రోజే మార్జినులో రాసుకుని ఉండాల్సింది. కాగితం శుభ్రంగా ఉండాలని రాయలేదు. ఆ జవాబు నేనింకా రాయలేదు, సారు కూడా ఇప్పుడు లేరు.

చిన్నమ్మాయి చదువుకుంటుంటే ఇందాక నీళ్లు తెమ్మని మా ఇంటి మాటలో అడిగాను. నీళ్లు తెచ్చింది, ఇదిగో బాపూ అని తెలుగులో అంది. ఆమెకు మా మాట అర్థమవుతుంది, నోటికి రాదు. తండాలో ఇప్పుడు పసిపిల్లలను జోకొట్టేదీ తెలుగులోనే, బయటివాళ్లు లేకపోయినా, ఎవరూ చూడకపోయినా. మాకు ఫోనులో ఒక వరుస ఉంది, అది ఉంటుంది. ఆ నూరు మాటల కాగితం మళ్లీ ఎవరైనా మా తండాకు తెస్తే ఎంత వస్తుందో నాకు తెలుసు, అందుకే ఆ కూడిక వేయదలచుకోలేదు.

ఏడిళ్లు, నూరు మాటలు, ఎనభై మూడు, పదిహేడో వరుస, అన్నీ ఈ పూటకూ గుర్తున్నాయి. ఆమె కొరివి అందిస్తూ అన్న మాట మాత్రం రాదు. అది మూడక్షరాల మాట. మొదటి అక్షరం దగ్గర ఆమె కొంచెం ఆగినట్టు గుర్తు. నేను లెక్కపెట్టుకున్నది అంతవరకే.