రోగానికి ఆడిన బేరం

చిత్తూరు బజారులో నా అంత చౌకగా కారు కొన్నవాడు ఆ తొంభైల చివర్లో మరొకడు లేడు. ఈ మాట ఇప్పటికీ కాలు మీద కాలు వేసుకుని చెప్పగలను. అమ్మేవాడు నలభై ఐదు వేలన్నాడు, నేను ముప్పై అన్నాను, వాడు ఒకసారి ఆకాశం వైపు చూసి సరేనన్నాడు. రెండో మాటకే ఒప్పుకున్నవాడి సరుకు ముట్టుకోవద్దని మా నాయన నాకు తక్కెడ పట్టడం కంటే ముందే నేర్పాడు. పాత్రల అంగడిలో పుట్టి పెరిగినవాణ్ణి, బిందెను వేలితో కొట్టి బీట ఎక్కడుందో చెప్పగలిగినవాణ్ణి, ఆ రోజు మాత్రం చెవులు ఇంట్లో పెట్టి వెళ్లాను.

మొన్న అలిపిరి దగ్గర తనిఖీ వరుసలో మా ముందున్న పాత కారు నిలబడ్డచోటే వణుకుతుంటే ఇదంతా గుర్తుకొచ్చింది. మూడు దెబ్బలు సరిగా కొట్టి నాలుగోది మింగేస్తోంది ఆ ఇంజిను. పక్క సీట్లో ఉన్న మా ఆవిడ గమ్మున అద్దం పైకెత్తేసింది. దుమ్ముకని ఎవరైనా అనుకోవచ్చు. నేను అనుకోలేదు.

కారు కొన్నది మా బామ్మర్ది పెళ్లి కోసం. తిరుపతిలో పెళ్లి, మూడు వారాల గడువు. మా ఆవిడకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. అరవ గాలి తగిలిన వాళ్ల ఇళ్లలో తాళి కట్టేటప్పుడు పెళ్లికొడుకు ఒక ముడి వేస్తే, మిగిలిన రెండూ వెనక నిలబడి అక్క వేయాలి. ఆ రెండు ముళ్ల కోసం ఆమె వాడి చిన్నప్పటి నుంచీ కాచుకుని ఉందంటే అతిశయోక్తి కాదు. వంటింటి కిటికీ కమ్మీకి పసుపుతాడు ముక్క చుట్టి, పప్పు ఉడికేలోపు ముళ్లు వేసి చూసుకునేది. రెండు రోజులు ముందే పుట్టింటికి పోతానంది. అంగడి మూయలేనని నేను బేరం మొదలుపెట్టి, రెండు రోజుల్ని ఒక రోజుకు దించి, ఆఖరికి పెళ్లినాటి తెల్లవారుజాముకు తెచ్చాను. సొంత కారుండగా రెండు గంటల దారి కదా అన్నాను. బేరం గెలిచినప్పుడల్లా నాకు ఆకలి ఎక్కువయ్యేది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

కారు ఇంటికొచ్చిన మూడో రోజుకే కుంటడం మొదలుపెట్టింది. కొన్ననాడు అమ్మినవాడు ఇంజిను ముందే వేడి చేసి, ఆగి ఉన్నప్పుడు కూడా గట్టిగా తిరిగేలా మర తిప్పి పెట్టాడని తర్వాత తెలిసింది. కట్టమంచిలో షెడ్డు పెట్టుకున్న ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఏమీ విప్పలేదు. ఇంజిను నడుస్తుండగానే ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే పీకి పెట్టాడు. ఒకటి పీకితే బండి ఇంకాస్త కుంటింది, రెండోది పీకినా అంతే. మూడోది పీకితే ఏ తేడా లేదు. మా దూరపు చుట్టం ఒకాయన ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండేవాడు, ఆయన గుర్తొచ్చాడు నాకు. మేస్త్రీ ఆ ప్లగ్గు తీసి పక్కదాంట్లో పెట్టి చూశాడు. అయినా చచ్చింది మూడో సిలిండరే. అప్పుడు నా జేబులోంచి అంగడి చీటీ ఒకటి అడిగి తీసుకుని, వెనక్కి వెళ్లి పొగగొట్టం దగ్గర పట్టుకున్నాడు.

"సూడు సావుకారూ, కాయితం బయటికి కొట్టుకోవాల. ఈడ మద్దెమద్దెన లోపలికి పీల్సుకుంటా ఉండాది. మూడోదాంట్లో వాల్వు కాలిపోయింది. హెడ్డు దించాల."

"ఎంతయితాది మేస్త్రీ?"

"పద్దెనిమిది నూర్లు."

"ప్లగ్గు మారిస్తే పోదా?"

"మార్చే కదప్పా నీకు సూపించింది."

"సరే, నీ మాటా వద్దు, నా మాటా వద్దు. కార్బురేటరు అనుకుందాం. ఐదు నూర్లకు సరిపెట్టు."

మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "నేను సెప్పింది రోగంబ్బా, రేటు కాదు. రోగంలో ఎంత తగ్గించేది?" అని, బానెట్టు దించి, "పెండ్లికి బస్సులో పో. ఆ వాల్వు ఎప్పుడు ఇరిగి లోపల పడతాదో దానికే తెలీదు" అన్నాడు.

ఒక సరుకుకు మూడంగళ్లు తిరగనిదే కొనకూడదని మా ఇంటి శాస్త్రం. మిగిలిన షెడ్లు తిరిగాను. ఒకడు ప్లగ్గులన్నాడు, ఒకడు కార్బురేటరు కడగాలన్నాడు, ఇంకొకడు పాయింట్లు అరిగాయన్నాడు. అన్నీ పద్దెనిమిది నూర్ల కంటే తక్కువే కాబట్టి అందరినీ నమ్మాను. ప్రతివాడూ చివర్లో ఆ మరే ఇంకాస్త తిప్పి పంపేవాడు; బండి నాలుగు రోజులు వణుకు దాచుకునేది. పెళ్లి ముందురోజు మా ఆవిడ, "బస్సుకు పోదామండీ, ఆ ముసలి మేస్త్రీ సెప్పినాడు గదా" అంది. "ఆయప్ప అమ్ముకునేవాడు, అట్లే సెప్తాడు" అన్నాను నేను, తరతరాలుగా అమ్ముకుని బతికినవాణ్ణి.

తెల్లవారుజామున కారులోనే బయల్దేరాం. చంద్రగిరి ఇంకా రాలేదు. చిన్న ఎత్తు ఎక్కుతుండగా లోపల ఎవరో ఇనప గరిటె పడేసినట్టు చప్పుడయింది, తర్వాత ఏ చప్పుడూ లేదు. రోడ్డు పక్క పట్టుచీరలో మా ఆవిడ నిలబడి చెయ్యెత్తుతోంది, కొండకు పోయే జనంతో కిక్కిరిసిన బస్సులు ఆగకుండా పోతున్నాయి. చివరికి బెల్లం లారీ ఒకటి ఎక్కించుకుంది. మేం చేరేసరికి మండపంలో అక్షింతలు నేల మీద ఉన్నాయి. పినతల్లి కూతురు ముళ్లు వేసిందట. బామ్మర్ది తల వంచుకుని, "మూర్తం దాటిపోతా ఉండాదన్నారక్కా" అన్నాడు. "మంచి పనే చేసినారు నాయనా" అని, ఆమె కింద పడ్డ అక్షింతలే నాలుగు ఏరి వాళ్ల తలల మీద వేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే నేను ఏదో ఒకటి తగ్గించి మాట్లాడేవాణ్ణి, అది ఆమెకు తెలుసు.

బండిని లారీకి కట్టి కట్టమంచికి లాగించాను. మేస్త్రీ హెడ్డు దించి, విరిగిన వాల్వు ముక్కనూ, అది పొడిచిన పిస్టనునూ నా చేతిలో పెట్టాడు. చీటీ రాసిస్తే ఆ మొత్తం లెక్కపెట్టి ఇచ్చేశాను. ఆయన భయపడి, "ఏం సావుకారూ, ఒంట్లో బాగుండాదా?" అని అడిగాడు.

ఇరవై ఏళ్లు దాటింది. ఆ కారు తుక్కులో కలిసింది, మేస్త్రీ పోయాడు, బామ్మర్ది కూతురు కాలేజీకి పోతోంది. కిటికీ కమ్మీకున్న తాడును మాత్రం మా ఆవిడ విప్పలేదు. ఇల్లు మారినప్పుడు కిటికీతోపాటే వదిలి వచ్చాం. కాలం పోయేకొద్దీ అన్నిటి రేటూ తగ్గుతుందని మా నాయన అనేవాడు. పాత ఇనుము విషయంలో అది నిజమే. లెక్క మాత్రం ఈ వయసులో తప్పు చెప్పలేను: ప్లగ్గులకు రెండు వందల నలభై, కార్బురేటరుకు మూడు వందల యాభై, పాయింట్లకు మూడు వందల పది, లాగుడు కూలి ఐదు వందలు, మేస్త్రీకి ఆరు వేల నాలుగు వందలు. మొత్తం ఏడు వేల ఎనిమిది వందల రూపాయలు, రెండు ముళ్లు.