ఆ వీపు నేను చూశాను

ఆ అరబ్బు దేశం పేరు రాయను. నా తోటి నర్సులు ఇంకా అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. రాజు గద్దె దిగాలంటూ జనం నడివీధిలో బైఠాయించిన ఏడాది, నేను అక్కడి పెద్దాసుపత్రిలో క్యాజువాలిటీ నర్సుని. అనకాపల్లి పక్క తుమ్మపాలలో చెరకు పండించుకునే ఇంటి నుంచి వెళ్ళినదాన్ని. వాళ్ళ రాజకీయాలు నాకేం తెలుసు?

ఒక మధ్యాహ్నం కూడలిలో ఆ జనం మీద కాల్పులు జరిగాయి. మా దగ్గరకు మోసుకొచ్చినవాళ్ళలో ఒక స్కూలు మాస్టారు ఉన్నాడు. వీపు నిండా పెల్లెట్లు, తుపాకీ చిమ్మే చిన్న గుళ్ళు. అంటే, పారిపోతుంటే కాల్చారు. నేను వాటిని తీస్తుండగా యూనిఫాంలో ఒకడు వచ్చి, "వదిలెయ్, వీణ్ణి తీసుకుపోవాలి" అన్నాడు.

నేను పని ఆపలేదు. "కట్టు కట్టాక మాట్లాడండి" అన్నాను నాకొచ్చిన కాస్త అరబ్బీలో. అతను నా మెడలోని కార్డుని ఫొటో తీసుకున్నాడు. కట్టు అవగానే మాస్టారిని స్ట్రెచర్‌తో సహా తోసుకుపోయారు. ఆయన ఏమయ్యాడో ఎందరిని అడిగినా తెలియలేదు.

ఆ వారమే నా ఉద్యోగం పోయింది. మన ఎంబసీకి వెళ్తే అధికారి మర్యాదగానే మాట్లాడాడు.

"పరాయి దేశాల అంతర్గత వ్యవహారాల్లో జోక్యం చేసుకోకపోవడం మన విధానం. మీరెందుకమ్మా తలదూర్చారు?"

"కట్టు కట్టడం జోక్యమా సార్? గాయపడ్డవాళ్ళని కాపాడాలని అంతర్జాతీయ చట్టం ఉందిగా?"

"అది యుద్ధానికమ్మా. వీళ్ళు దీన్ని యుద్ధం అనడం లేదు, అల్లర్లు అంటున్నారు."

"పేరు ఏదన్నా పెట్టుకోండి. ఆ వీపు నేను చూశాను" అని లేచి వచ్చేశాను.

అనకాపల్లి తిరిగొచ్చి ఒక నర్సింగ్ హోంలో చేరాను. కొన్నాళ్ళకి విదేశం నుంచి ఫోన్. ఆ కాల్పుల మీద విచారణ జరుపుతున్న అంతర్జాతీయ బృందం వాళ్ళు, సాక్ష్యం చెబుతారా అని అడిగారు. నన్ను గల్ఫ్ పంపించిన మావయ్యకి ఒళ్ళు మండిపోయింది.

"ఆల దేశం, ఆల రాజు. మనకేటే? నోరిప్పితే ఇంక నీకు ఏ దేశమూ వీసా ఇవ్వదు."

"ఇవ్వకపోతే పోనీ మావా. సూసింది సూడలేదని ఎలా సెప్పను?"

పొలం నుంచి అప్పుడే వచ్చిన నాన్న కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు: "సెప్పనీరా. దొంగతనం సేసిందా ఏటి, దాసుకోడానికి?"

చెప్పాను. నా పేరుతోనే చెప్పాను. నివేదిక వచ్చింది కానీ, నాకు తెలిసినంతలో ఎవరికీ శిక్ష పడలేదు. ప్రపంచ దేశాల సభలో దాని మీద ఓటింగు జరిగితే మన దేశం తటస్థంగా ఉండిపోయింది. ఆ రోజు టీవీ ముందు కూర్చుని గట్టిగానే తిట్టాను.

ఇప్పుడు నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. మొన్న ఈ సంగతంతా చెబితే, రోలుగుంట నుంచి వచ్చే అమ్మాయి లేచి అడిగింది.

"మేడమ్, అలాగ సేత్తే ఉజ్జోగం పోద్ది కదా?"

"పోవచ్చు. నాది పోయింది. అయినా కట్టు కట్టాల్సిందే."

మర్నాడు ప్రిన్సిపాల్ పిలిచి, అవన్నీ సిలబస్‌లో లేవన్నారు. లేవని నాకూ తెలుసు. పక్క సెక్షన్‌కి కూడా చెప్పేశాను.