పాయింట్ల మీటింగులో అవ్వ చూసిన బావి

దయ్యాల మాటలు, శకునాల మాటలు మొదలైతే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. మాది మెథడిస్టు కుటుంబం. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు పని. మధ్యలో ఇలాంటి వాటికి చోటు ఉండేది కాదు. పైగా నిజామాబాద్‌లో హైస్కూలు పిల్లలకు ఇరవై ఎనిమిదేళ్లు లెక్కలు చెప్పాను. ఎవరైనా ఏదో చూశామంటే ఎంత దూరం నుంచి, ఎంత వెలుతురులో అని అడిగేదాన్ని. ఇప్పుడు రాస్తున్నది నేను పక్కన కూర్చుని విన్నది, తర్వాత నా కళ్లతో చూసింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మా నాన్న, మా బాపు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పంపుల ఫిట్టర్‌గా చేసి అప్పుడే రిటైరయ్యాడు. చెరుకు ఆడే కాలంలో ఫిట్టర్‌కు సెలవు ఉండదు. ఆడడం అయిపోతే యంత్రాలు విప్పి బాగుచేసే కాలం, అప్పుడూ ఉండదు. మా అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. బాపు ఉద్యోగం చేసిన ముప్పై ఐదేళ్లలో అవ్వ చూసిన లోకమల్లా నిజామాబాద్ పెద్దాసుపత్రి, భీమ్‌గల్‌లో ఆమె చెల్లెలి ఇల్లు. జిల్లా దాటింది లేదు.

పని పోయాక బాపు మనిషి మారిపోయాడు. పొద్దున్నే లేచి ఫ్యాక్టరీ సైరన్ కోసం చెవి పెట్టేవాడు. తర్వాత గడప మీద కూర్చుని తన చేతులు తనే చూసుకునేవాడు. అవ్వకు అప్పటికే ఆయాసం మొదలైంది.

"పెండ్లయిన కొత్తల సముద్రం సూపిస్తనన్న బిడ్డా ఆమెకు" అన్నాడు ఒకరోజు నాతో.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో, బట్టల దుకాణంలో నేను నింపిన కూపన్‌కు ఫోన్ వచ్చింది. మీకు బహుమతి వచ్చింది, ఇంటిల్లిపాదీ ఫలానా హోటల్‌కు రండి అన్నారు. శనివారం మధ్యాహ్నం నేను, మా ఆయన ప్రభాకర్, బాపు, అవ్వ వెళ్లాం. హాలు నిండా మాలాంటి వాళ్లే. పరదాలు వేసి, తెర మీద సముద్రాలు, కొండలు చూపిస్తున్నారు.

టై కట్టుకున్న ఒక అబ్బాయి మా బల్ల దగ్గర కూర్చుని వివరించాడు. ఒకసారి డబ్బు కడితే ఇరవై ఐదేళ్ల పాటు ఏటా కొన్ని పాయింట్లు మన పేరున పడతాయట. వాటితో వాళ్ల రిసార్టుల్లో ఎక్కడైనా వారం రోజులు ఉండొచ్చట. నిర్వహణ ఖర్చు మాత్రం ప్రతి ఏడూ వేరే కట్టాలి.

"సెలవుల కోసం ఒక ఇల్లు కొనుక్కున్నట్టే సర్" అన్నాడు.

బాపు కళ్లల్లోకి చాలా రోజుల తర్వాత వెలుగొచ్చింది. అతని చొక్కా జేబులో బ్యాంకు పుస్తకం కనిపించింది. రిటైరైనప్పుడు చేతికొచ్చిందంతా అందులోనే ఉంది.

అప్పుడే తెర మీద గోవా తీరంలోని రిసార్టు బొమ్మ పడింది. కొబ్బరి చెట్లు, ఎర్ర పెంకులతో వరుసగా ఎనిమిది చిన్న ఇళ్లు, వెనుక సముద్రం. అంతసేపూ కునికిపాట్లు పడుతున్న అవ్వ నిటారుగా కూర్చుంది.

"గా కడపటి ఇంటెనుక బాయి ఉన్నది" అంది.

ఆ అబ్బాయి నవ్వి, "బావులేం ఉండవమ్మా, ఈత కొలను ఉంటుంది" అన్నాడు.

"ఉన్నది నాయనా. ఎర్ర గిరక. దిగనీకి మూడు మెట్లు. లోపట గోడకు గూడున్నది, గూట్ల దీపం."

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. నాకు సిగ్గేసింది. అవ్వ చేయి పట్టుకుంటే ఆ ఎండాకాలపు మధ్యాహ్నం చల్లగా తగిలింది. షుగర్ పడిపోయిందేమోనని చాక్లెట్ నోట్లో పెట్టాను. వాళ్లిచ్చిన కరపత్రం వెనుక అప్పటిదాకా ఖర్చుల లెక్క వేస్తున్నాను. ఎందుకో తెలియదు, అవ్వ అన్న మాటలు కూడా అక్కడే రాసి పెట్టుకున్నాను. ఆ కాగితం పారేయలేదు.

ఆ అబ్బాయి ఫారం, పెన్ను బాపు ముందు పెట్టి, ఈ ధర ఈ రోజు వరకే అన్నాడు.

"ఒక్క వారం సూసేటందుకు ఇరవై ఐదేండ్లకు సంతకం ఎందుకు బాపూ?" అన్నాను.

"నువ్వు లెక్కలు చెయ్యకు బిడ్డా. మాకు మిగిలినయి ఎన్నేండ్లు?" అన్నాడు బాపు. పెన్ను మూత అప్పటికే తీశాడు.

అప్పుడు అవ్వే కలగజేసుకుంది. "ముందుగాల పోయి సూసొద్దాం. బాయి ఉన్నదో లేదో తెలుస్తది. కొనుడు ఆ తర్వాత."

నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి బాపు మాటకు ఆమె అడ్డు చెప్పడం నేను వినలేదు. బాపు కూడా విని ఉండడు. కాసేపు ఆమెనే చూసి, పెన్నుకు మూత పెట్టేశాడు.

సోమవారం స్కూల్లో ఈ సంగతి సైన్స్ చెప్పే సుగుణ టీచర్‌తో అన్నాను. పుణేలో ఉండే వాళ్లన్న దగ్గర అవే పాయింట్లు వాడేవాళ్లు లేక మురిగిపోతున్నాయంది. ఆ ఏటి నిర్వహణ ఖర్చు మేం పెట్టుకుంటే, తన పాయింట్ల మీద మా పేర్లు రాయించి ఆ గోవా రిసార్టులో వారం రోజులకు ఇల్లు ఇప్పిస్తానన్నాడాయన. కొనడానికి ఒక జీవితపు కష్టార్జితం కావాలి. కిరాయికైతే నా ఒక్క నెల జీతం కూడా పట్టదు.

బాపుకు మాత్రం చిన్నతనంగా అనిపించింది. "కిరాయి సముద్రం సూపెట్టాల్నా ఆమెకు?" అన్నాడు.

"సముద్రానికి ఓనరెవడు?" అంది అవ్వ.

మేలో సికింద్రాబాద్ వెళ్లి గోవా రైలెక్కాం. రిసార్టు సగం ఖాళీగా ఉంది. వాకిట్లో నీళ్ల ట్యాంకర్ ఆగి ఉంది. బోర్లన్నీ ఉప్పుబారిపోయాయనీ, ఇలాగే ఉంటే నెల తిరిగేలోపు సగం ఇళ్లు మూసేయాలనీ మేనేజర్ వచ్చిన వాళ్లందరికీ క్షమాపణ చెబుతున్నాడు.

అవ్వ మాకిచ్చిన ఇంట్లోకి రాలేదు. జీవితంలో మొదటిసారి సముద్రం ఎదురుగా ఉంది. దాని వైపు తల కూడా తిప్పలేదు. ఆయాసపడుతూనే వరుస చివరిదాకా నడిచి, ఎనిమిదో ఇంటి వెనుక మందార పొదల దగ్గర ఆగింది.

"గిక్కడ" అంది.

అక్కడ బావి లేదు. గడ్డి ఉంది, పొదలున్నాయి. మేనేజర్‌ను అడిగితే తన దగ్గరున్న ప్లానులో బావి అన్నదే లేదన్నాడు. తోటపని చేసే విఠల్ అనే ముసలాయన దూరం నుంచి మమ్మల్నే చూస్తున్నాడు. బోధన్ మహారాష్ట్ర సరిహద్దులో ఉంది, అక్కడివాళ్లకు మరాఠీ వస్తుంది కాబట్టి బాపు అతన్ని పలకరించాడు. నేను బాపుతో ముందే చెప్పాను, అవ్వ అన్నదేదీ బయటపెట్టొద్దు, ప్రశ్నలు మాత్రమే అడగమని.

విఠల్ చేతిలోని పనిముట్టు కింద పెట్టి దగ్గరికొచ్చాడు. తర్వాత చెప్పాడు. రిసార్టు రాకముందు అది ఒక కుటుంబం కొబ్బరితోట. బావి అక్కడే ఉండేది. ఇళ్లు కట్టేటప్పుడు పిల్లలు పడిపోతారని బండలు కప్పి మట్టి పోశారు. ఆ బండలు మోసిన వాళ్లలో తానొక్కడే ఇంకా అక్కడ పనిలో ఉన్నాడు.

గిలక ఏ రంగు అని అడిగించాను. ఎరుపు అన్నాడు. మెట్లెన్ని అంటే మూడు వేళ్లు చూపించాడు. గూడు సంగతి అతనికి తెలియదు.

బాపు గడ్డపార అడిగి తీసుకున్నాడు. ఒక కొస నేల మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, మడమతో నేలను తన్నుతూ విన్నాడు. ఫ్యాక్టరీలో పంపుల రోగం అలాగే కనిపెట్టేవాడట. పది చోట్ల విన్నాడు. పదకొండో చోట లేచి నిలబడి, "బోలుగ ఉన్నది" అన్నాడు.

మేనేజర్ యజమానులకు ఫోన్ చేశాడు. పోయేదేముంది, తవ్వమన్నారు.

ఆ నాలుగు రోజులు మా బాపును చూడాలి. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, సగం తెలుగు సగం మరాఠీలో కేకలేస్తూ అరడజను మందితో పని చేయించాడు. బండలు పగలగొట్టించాడు. మూలన పడి ఉన్న పాత మోటారు విప్పి, బాగుచేసి, రెండుసార్లు మురికి నీళ్లన్నీ తోడించాడు. మట్టి చేతులు కడుక్కొచ్చి రెండు పళ్లేల అన్నం తినేవాడు. ప్రభాకర్ సాయం పోతే, "అల్లుడా, నువ్వు గా తాడు పట్టుకో సాలు" అని పక్కకు నెట్టేవాడు.

ఐదో రోజు పొద్దున ఊట నీరు తేటగా పైకొచ్చింది. గోడలు కడగడానికి దిగిన విఠల్ కింద నుంచి ఏదో అరిచాడు. పైమెట్టు మీద నుంచి చేతికందేంత కిందుగా, నాచు వెనుక, గోడలో గూడు. అందులో నల్లగా మసిబారిన రాతి ప్రమిద. దాన్ని అతను పైకి తేవడం నేను చూశాను. సంచిలో నుంచి కరపత్రం తీసి, నేను రాసుకున్నది మొదటి నుంచి చదువుకున్నాను. ఒక్క ముక్క కూడా తప్పు పోలేదు. పట్టపగలు, పది మంది మధ్య, ఒక్కో మాట పక్కన టిక్కు పెట్టాను.

బాపు ఒక చెంబుడు తోడి మేనేజర్‌కు రుచి చూపించాడు. ఆయన కళ్లు మూసుకుని మింగాడు, మళ్లీ తాగాడు. గాజు గ్లాసు తెప్పించి నింపి, రెండు చేతులతో అవ్వకు ఇచ్చాడు. అవ్వ మొత్తం తాగి, "తియ్యగున్నయి" అంది. వంటవాళ్లు, తోటవాళ్లు, బస చేసిన వాళ్లు చప్పట్లు కొట్టారు. బాపు తడిసిన చొక్కాతో, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ముప్పై ఐదేళ్ల ఉద్యోగంలో అతనికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ సాయంత్రం అవ్వ అతని చేయి పట్టుకుని మోకాళ్ల లోతుకు సముద్రంలోకి నడిచింది. నేను ఒడ్డునే ఉండిపోయాను.

నీళ్లను పరీక్షకు పంపితే తాగొచ్చని వచ్చింది. ఇళ్లు మూయాల్సిన అవసరం రాలేదు. రెండు నెలలకు యజమానుల నుంచి ఉత్తరం వచ్చింది. బాపు, అవ్వ బతికి ఉన్నంత కాలం ఏటా ఒక వారం అతిథులుగా రావాలని రాశారు. బాపు ఆ ఉత్తరం నాతో మూడుసార్లు చదివించుకున్నాడు.

"కొనలె, కిరాయికి తీస్కోలె. సూసినవా లెక్కల టీచరమ్మా" అని పగలబడి నవ్వాడు.

ఆరేళ్లు వరుసగా వెళ్లారు. ఆ రోజు మీటింగులో సంతకం పెట్టిన మా వీధిలోని ఒకాయనకు పిల్లల సెలవుల్లో ఒక్కసారీ గది దొరకలేదు. బాపు బాగుచేసిన మోటారు మాత్రం ఆరేళ్లూ ఆగకుండా నడిచింది.

నేను చేయగలిగిన విచారణ అంతా చేశాను. ఆ కరపత్రంలో బొమ్మను భూతద్దంతో చూశాను, మందార పొదలు తప్ప ఏమీ లేవు. విఠల్ గోవా దాటి ఎరుగడు. భీమ్‌గల్ చిన్నమ్మను అడిగితే, మీ అవ్వ గోవా పేరైనా విని ఉండదంది. అవ్వను ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట: "బొమ్మల కనబడ్డది. నీకు కనబడలేదా?" అందరికీ కనబడే ఉంటుందని ఆమె నమ్మకం. మేం నవ్వింది ఎందుకో ఆమెకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఆఖరుసారి నేనూ వెంట వెళ్లాను. ఇసుకలో కూర్చున్నప్పుడు మనసాగక అడిగాను. "అవ్వా, ఇంకేమన్న కనబడుతున్నదా?"

కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏం లేదు బిడ్డా. నీళ్లే" అంది, సంతోషంగా.

ఆమె పోయి ఇన్నేళ్లయింది. జరిగింది ఎంతోమందికి చెప్పాను. ఎలా జరిగిందో ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియలేదు.